కావ్యహేతువు: వర్ధమానపుర సీమ నిదర్శనములు

పాటవము పుట్టుకతో వచ్చునా, పాటుపడినచో వచ్చునా యను ప్రశ్న క్రొత్తది కాదు. గాయకుని విషయమునను, శిల్పి విషయమునను, నటుని విషయమునను జనులు దీని నడుగుచునే యుందురు. కవి విషయమున మాత్ర మీ ప్రశ్నకుఁ బ్రత్యేకమైన బరువు కలదు. వీణియకుఁ దంత్రులు, శిల్పమునకు శిల, చిత్రమునకు వర్ణములు వెలుపలి సాధనములు. వానిని వశపఱచుకొనుటకుఁ గొంతకాలము పట్టునని యెల్లరు నొప్పుకొందురు. కవికి సాధనము భాష. అది యందఱి నోటను నుండునదే కావున, దానికి వేఱుగ సాధన యక్కఱలేదనియు, కవిత పుట్టువుతోనే రావలెననియు ననుకొనుట సులభము. ఈ తలంపు పండితులలోను గలదు, పాఠశాలలలో మఱియుఁ గలదు. బాలుఁ డొకఁడు పద్యము కుదురక తొట్రుపడినచో, వీనికిఁ బ్రతిభ లేదని తీర్పు చెప్పి పలకను బ్రక్కకుఁ బెట్టించుట నేఁటికిని గానవచ్చుచున్నది. ఆ తీర్పునకు శాస్త్రమునందుఁ గాని, కవుల చరిత్రమునందుఁ గాని యాధార మేపాటి గలదో విచారించుటయే యీ వ్యాసమునకు విషయము.

విచారణకు నిదర్శనములను దూరము పోయి వెదకికొన నక్కఱలేదు. నాగరుకర్నూలు జిల్లాలోని బిజినేపల్లికి సమీపమున నంది వడ్డెమాను అను గ్రామము కలదు. శాసనములలో వర్ధమానపురమని వ్యవహరింపఁబడిన పట్టణ మిదియే. కాకతీయులకు సామంతులగు గోనవారు దీనినుండి పరిపాలనము సాగించిరి. తెలుఁగున ద్విపద రామాయణమును రచించిన గోన బుద్ధారెడ్డి యీ వంశమువాఁడు. ఇచ్చటినుండి దక్షిణముగాఁ గృష్ణాతీరమునకుఁ బోయినచో జటప్రోలు. మఱియొక దారిఁ బట్టినచో వనపర్తియు, దాని కావల గద్వాలయు. మొదటిచోట ద్విపద, రెండవచోటఁ ద్ర్యర్థికావ్యము, కడపటి రెండుచోట్ల నవధానము విలసిల్లినవి. ఈ మూఁడును స్వభావమున నొండొంటికి మిక్కిలి దూరమైనవి. ఒకదానిలో శ్రమము కనఁబడదు. ఒకదానిలో శ్రమమే ముందుగఁ గనఁబడును. ఒకదానిలో శ్రమమున కవకాశమే లేనట్లు తోఁచును. కావుననే యీ సీమ ప్రస్తుతచర్చకుఁ దగినది.

ముందుగా శబ్దములు. 'ప్రతిభ' యనునది ప్రతిపూర్వకమైన భాధాతువునుండి పుట్టినది. ఎదురుగా వెలుఁగుట, మనసునకుఁ దోఁచుట యని యర్థము. 'అభ్యాస' మనునది యభిపూర్వకమైన అస్ ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు విసరుట యర్థము. లక్ష్యమువైపు మాటిమాటికి విసరుట యభ్యాసము. అది విలుకాని పని. మొదటి ధాతు వకర్మకము, రెండవది సకర్మకము. తోఁచుట యొకఁడు చేయు పని కాదు, దానంతట నగునది. విసరుట యొకఁడు చేయు పని. గురువు శిష్యుని విసరుమని శాసింపఁగలఁడు గాని, నీకుఁ దోఁచుఁగాక యని శాసింపఁజాలఁడు. పాఠశాలలో నుపదేశమునకు లోఁబడునది యీ రెంటిలో నొక్కటియే.

వ్యాకరణమున నభ్యాసశబ్దమునకు వేఱొక పారిభాషికార్థము కలదు. ధాతువు ద్విత్వము నొందినపుడు మొదటి భాగమునకుఁ బాణిని యభ్యాసమని సంజ్ఞ చేసెను. 'చకార' యను రూపమున మొదటి యక్షర మభ్యాసము. మొదట నది కకారమే. పిదపఁ జకారముగా మాఱినది. అభ్యాసమునకు హ్రస్వము కలుగును, ఆదిహల్లు తక్కఁ దక్కిన హల్లులు లోపించును. ఉత్తరభాగము మాత్రము నిండుగా నిలుచును. అనఁగా ముందు వచ్చినది తఱిగి, మాఱి, గుర్తింపరానిదై, వెనుక నున్నదానికి రూపసిద్ధిని గలిగించును. శబ్దసామ్యమును బట్టి సిద్ధాంతము చేయుట శాస్త్రసమ్మతము కాదు. దీనిని వైయాకరణుల వినోదముగాఁ గైకొనఁదగును. అయినను గవుల చరిత్రమును జూచునప్పు డీ ప్రక్రియ మాటిమాటికి స్మరణకు వచ్చుచుండును.

ఆలంకారికులలో దండి నైసర్గికమైన ప్రతిభను, నిర్మలమైన శ్రుతమును, మందము గాని యభియోగమును గలిపి చెప్పెను. అంతతో విడువక, యట్టి ప్రతిభ లేకున్నను, శ్రుతయత్నములచే సేవింపఁబడిన వాగ్దేవి యేదో యొక యనుగ్రహమును జేయకపోదని యాశ చూపెను. ఆనందవర్ధనుని మాట కొంత కఠినము. వ్యుత్పత్తి లేమివలనఁ గలిగిన దోషమును గవిశక్తి కప్పివేయును గాని, శక్తి లేమివలనఁ గలిగిన దోషము చటుక్కున బయలుపడునని యతఁడు చెప్పెను. ఈ రెండభిప్రాయములును బరస్పరవిరుద్ధములని తోఁచును, కావు. దండి యారంభించువానిని గుఱించి చెప్పెను. ఆనందవర్ధనుఁడు ముగిసిన కావ్యమును గుఱించి చెప్పెను. ముగిసిన కావ్యమునకుఁ జెప్పిన మాటను, ఇంకను నారంభింపని బాలునికిఁ జెప్పుటచేతనే పాఠశాలలోఁ బొరపాటు వాటిల్లుచున్నది.

మమ్మటుఁడు శక్తి, నిపుణత, అభ్యాసము నను మూఁటిని జెప్పి, వానికి హేతువని యేకవచనము ప్రయోగించెను. హేతువులని బహువచనము ప్రయోగింపలేదు. వృత్తియందుఁ దానే యీ యేకవచనమును వివరించి, మూఁడును గలసియే హేతువు గాని విడివిడిగా హేతువులు గావని స్పష్టము చేసెను. న్యాయశాస్త్రపుఁ బరిభాషలోఁ జెప్పవలసినచో, ఇది దండచక్రాదిన్యాయము, తృణారణిమణిన్యాయము గాదు. సారెయుఁ గఱ్ఱయు మన్నునుఁ గలసినఁగాని కుండ పుట్టదు. నిప్పన్ననో గడ్డిచేతనైనఁ బుట్టును, అరణిచేతనైనఁ బుట్టును, సూర్యకాంతమణిచేతనైనఁ బుట్టును. కవిత్వము కుండవంటిది గాని నిప్పువంటిది గాదని మమ్మటుని మతము. ఒక్క విభక్తిప్రత్యయమున నింత వివాదమును దీర్చిన వాక్యము లలంకారశాస్త్రమున నెన్నియో లేవు.

తెలుఁగువాఁడగు జగన్నాథ పండితరాయలు 17వ శతాబ్దమున దీని నొప్పుకొనలేదు. కావ్యమునకుఁ గారణము ప్రతిభ యొక్కటియే యని యతని సిద్ధాంతము. ఇది మాత్రము చదివి యభ్యాసమును నిరసించువారు తరువాతి పంక్తులనుగూడఁ జదువవలసియున్నది. ఆ ప్రతిభకుఁ గారణమేది యన్నచో, ఒకచో దేవతా మహాపురుష ప్రసాదాదులవలనఁ గలిగిన యదృష్టము, వేఱొకచో విలక్షణమైన వ్యుత్పత్తియు నభ్యాసమును నని యతఁడే చెప్పెను. కొందఱు బాలురకు వ్యుత్పత్త్యభ్యాసములు లేకయే ప్రతిభ కానవచ్చుట కాతఁడు మొదటి కారణమును జూపెను. ఎంతయో కాలము కవిత్వ మల్లఁజాలక, యెట్లో యభ్యసించిన పిదప నల్లఁగలిగినవారి విషయమున రెండవదానిని జూపెను. ఇట్టివా రుందురని యొప్పుకొనుటయే యిచ్చట ముఖ్యము. అభ్యాసము కావ్యమునకుఁ దోడుకారణము గాదు, ప్రతిభకే కారణ మన్నచో, జగన్నాథుఁ డభ్యాసమును దింపినట్లే దింపి పైమెట్టునఁ గూర్చుండఁబెట్టినాఁడన్నమాట.

ఈ విషయమున జగన్నాథునకంటె నెంతయో పూర్వుఁడైన భర్తృహరి మాట యాలంకారికులు తగినంతగాఁ బట్టించుకొన్నట్లు లేదు. వాక్యపదీయపు రెండవ కాండమున నతఁడు ప్రతిభను వాక్యార్థముగా నిరూపించుచు, స్వభావము, చరణము, అభ్యాసము, యోగము, అదృష్టము, విశిష్టులచే నుపహితమగుట యని యది కలుగు తెఱంగుల నాఱింటిని జెప్పెను. అభ్యాస మందు మూఁడవది. కావ్యచర్చ కాదది, శబ్దచర్చ. అయినను బ్రతిభకు నభ్యాసమునకు వైరము లేదనుట వైయాకరణులకు నాఁడే సిద్ధమైన విషయము. ఆతఁడే మొదటి కాండమున రత్నపరీక్షకుల ప్రస్తావము చేసినాఁడు. మణిని జూచినంతనే దాని మేలిమి నెఱుఁగు నెఱుక వారి కభ్యాసమువలననే కలుగును, అనుమానప్రమాణమువలనఁ గలుగదు, ఇతరులకు వారు దానిని వివరించి చెప్పను జాలరు. చూచువానికది దివ్యదృష్టివలె నుండును.

ఇఁక వర్ధమానపురమునకు వత్తము. గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దమువాఁడని పెక్కుమంది యభిప్రాయము. తన తండ్రి విఠ్ఠలుని పేర నతఁడు రచించిన ద్విపదకావ్యము రంగనాథ రామాయణమని ప్రసిద్ధి కెక్కినది. ఆ పేరును బట్టి రంగనాథుఁడను వేఱొక కవియే దీనిని రచించెనను వాదమును బయలుదేఱినది. ఆ వాదప్రతివాదములను మరలఁ ద్రవ్వుట యిచ్చటఁ బ్రస్తుతము కాదు. కాని కత్తి చేతఁబట్టి సీమ నేలువాని కింతటి గ్రంథము వ్రాయఁ దీఱిక యెక్కడిదను సందేహము చదువరి మనసున మెదలుట సహజము. తీఱికను గుఱించి యడుగువాఁ డభ్యాసపు విలువను దెలియకయే యొప్పుకొన్నవాఁడు. వరము వలననే కవిత వచ్చునేని తీఱిక ప్రసక్తి యేల?

ద్విపదకు లక్షణము స్వల్పము. పాదమునకు మూఁడింద్రగణములు, నొక సూర్యగణము. మూఁడవ గణము మొదటి యక్షరము యతిస్థానము. రెండు పాదములకుఁ బ్రాస. ఇంద్రగణములు నల, నగ, సల, భ, ర, త యని యాఱు. సూర్యగణములు న, హ యని రెండు. కావున నొక పాదమును 6×6×6×2, అనఁగా 432 విధముల నడపవచ్చును. లక్షణము చిన్నది, నడకలు పెక్కు. ఆరంభించిన బాలుఁడు వ్రేళ్ళపై లెక్కించి యే గణము వచ్చినదో చూచుకొనును, యతికై తడవుకొనును, ప్రాసకై రెండవ యక్షరమును బట్టుకొని వ్రేలాడును. వేయి ద్విపదలు గట్టినవాఁడు లెక్కింపఁడు. పదివేలు గట్టినవానికి మాట యే గణమున నిముడునో మాటతోపాటే తెలియును. యతి కుదురని మాట నోటికి రానే రాదు. వాఁడు మణిని జూచిన పరీక్షకుఁడు. ఎట్లు కుదిరినదని యడిగినచో, తోఁచినదని చెప్పును. అది యబద్ధము గాదు. వినువాఁడు మాత్ర మా తోఁచుటను బుట్టువునకుఁ గట్టిపెట్టును. దాని వెనుక తఱిగిపోయిన పదివేల ద్విపదలు వానికిఁ గానరావు.

రంగనాథ రామాయణమున యుద్ధకాండము ముగియువఱకు సుమారు 17 వేల ద్విపదలు గలవు. ఇంత గ్రంథమున నడక యలసటలేక సాగుటకు హేతువు పైఁ జెప్పినది. అయినను, ఇది యంతయు నభ్యాసమే యనుట సాహసము. వాల్మీకమున లేని కథలు పెక్కింటిని బుద్ధారెడ్డి చేర్చినాఁడు. కాలనేమి వృత్తాంతము, సులోచన కథ, సేతువు గట్టునపుడు చిన్ని యుడుత యిసుకతోఁ దోడ్పడిన కథ యట్టివి. వామనుఁడు కావ్యాంగములను లెక్కించుచు లోకమును మొదట నిలిపెను, విద్యను దరువాతఁ జెప్పెను. జనుల నోళ్ళ నాడు కథలనుండి యేవి కావ్యమునఁ బొదుగఁదగునో యెఱుఁగుట యీ మొదటి యంగమునకుఁ జేరును. ఆ యుడుతను వానరసేన నడుమ నిలిపినందు వలన సేతుబంధన మంతయుఁ బామరుని గుండెకు దగ్గఱయైనది. గణములు లెక్కించుటచే నిట్టి యెంపిక రాదు. కాని గణములు లెక్కించు బాధ తీఱనివానికి నుడుతను జూచుటకుఁ గన్ను ఖాళీ యుండదు. ప్రతిభకు నభ్యాసముచేయు నుపకార మిదియే యని చెప్పవచ్చును. తోలుబొమ్మలాటవా రీ రామాయణమును దమ యాటకుఁ గూర్చుకొని యూరూరఁ బాడిరి. వారిలో నెందఱకు గణస్వరూపము తెలియునో కాని, ద్విపద తప్పినచోఁ జెవి వెంటనే పట్టుకొనును. అదియు నభ్యాసమే.

గోనవారి యింటఁ గవిత యొకనితో నాఁగలేదు. బుద్ధారెడ్డి కొడుకులు కాచవిభుఁడును విఠ్ఠలరాజును నుత్తరకాండమును ద్విపదలోనే రచించి, తండ్రి విడిచినదానిని బూరించిరి. కూఁతురు కుప్పాంబిక బూదపూరున 1276లో శాసనము నిలిపినది; చరిత్రకారులు కొందఱామెను దొలి తెలుఁగు కవయిత్రిగాఁ బేర్కొనుచున్నారు. దీనిని జూచి యిది రక్తగుణమనువారు గలరు. ఆ మాట కొక చిక్కు గలదు. తండ్రినుండి బిడ్డలకు దిగివచ్చినది కేవలము శక్తియేయైనచో, నది సీసముగానో వృత్తముగానో యేల తలయెత్తలేదు? కొడుకులకు ద్విపదయే యేల పట్టువడినది? ఛందస్సు నెత్తురున వచ్చునది గాదు, చెవిని వచ్చునది. భర్తృహరి చెప్పిన యాఱింటిలో రెండవదగు చరణము, అనఁగా నొక శాఖవారి యధ్యయనాచారముచేఁ గలుగు ప్రతిభ, యిచ్చట సరిపడును. తండ్రి యల్లుచుండఁగా వినుచుఁ బెరిగిన బిడ్డలకు, పాఠము చెప్పకయే పాఠము జరిగినది. స్వభావము వారికి లేదనుట గాదు. ఆ యింట స్వభావమునకు నెదురుచూచుచున్న త్రోవ ముందే చదును చేయఁబడియున్నది.

జటప్రోలు సంగతి వేఱు. సురభివారి యేలుబడిలో నిది విద్యాస్థానము. శ్రీశైలజలాశయపు నీటఁ బాత గ్రామము మునుఁగుటచేత నచ్చటి దేవాలయములు తొలఁగింపఁబడి వేఱొకచోఁ బునర్నిర్మింపఁబడినవి. వానిని జూడఁబోవువారు పాత యునికిని దలఁచుకొనవలసినదే. సురభి మల్లభూపాలుని యాశ్రయమున నెలకూచి బాలసరస్వతి వెలసెను. మహామహోపాధ్యాయ బిరుదాంకితుఁడు, ఆంధ్రశబ్దచింతామణికి బాలసరస్వతీయమను వ్యాఖ్యను రచించిన వైయాకరణుఁడు, భర్తృహరి సుభాషితములను దెనిఁగించినవాఁడు. ఆతని రాఘవయాదవపాండవీయము త్ర్యర్థికావ్యము. ఒకే పద్యము రామునకును, గృష్ణునకును, బాండవులకును జెల్లవలెను. పింగళి సూరన రెండర్థములతో నాఁగినచోట నితఁడు మూఁడవదానిని మోసినాఁడు.

క్షేమేంద్రుఁడు శిష్యులను విభజించుచు, స్వభావమున శిలవంటివాని తోడను, తర్కముచేఁ గాలిపోయినవాని తోడను జేర్చి, వ్యాకరణముచే నశించినవానిని గూడఁ గవిత కసాధ్యునిగాఁ ద్రోసివేసినాఁడు. కౌముది పట్టినవారెల్లరు నా పంక్తిని నవ్వుచునే దాఁటిపోవుదురు. బాలసరస్వతి దానికిఁ బ్రత్యుదాహరణము; వ్యాకరణ మతనిని నశింపఁజేయలేదు. అయినను ద్ర్యర్థికావ్యమును జదువునపుడు వ్యాఖ్యానమును జేతఁ బట్టక గతిలేదనుటయు సత్యము. దీనిని జూపి, యిది కేవలశ్రమము, ప్రతిభ కాదని యనుట న్యాయము గాదు. ఒకే యక్షరపంక్తి మూఁడు తావుల విఱుగునని కనిపెట్టుట నిఘంటువు వలన నగునది గాదు, అదియు మెఱుపే. కాని పద్యము పద్యమున కట్టి మెఱుపును బట్టి తెచ్చుటకై పడిన పాటు చదువరి కన్నుల యెదుట నట్లే నిలిచియున్నది. ద్విపదలో నభ్యాసము తఱిగి రూపమున లీనమైనది. ఇచ్చట నభ్యాసమునకు హ్రస్వమును లోపమును గలుగలేదు. త్ర్యర్థికావ్యమును మెచ్చుకొనువారు పెక్కుమంది, మరల మరలఁ జదువుకొనువారు కొందఱే యగుటకుఁ గారణ మిదియని తోఁచుచున్నది.

వనపర్తియు గద్వాలయు నవధానులకుఁ బట్టుకొమ్మలు. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. 1948 తరువాత సంస్థానము లంతరించినవి గాని, యచ్చటి సభల కథలు పండితుల నోళ్ళ నింకను మిగిలియున్నవి. తిరుపతి వేంకటకవులు వనపర్తి, గద్వాల, ఆత్మకూరు సంస్థానములను సందర్శించి విద్వత్సభలఁ దమ ప్రజ్ఞను నెఱపిరి. అవధానమును జూచినవారు దీనిని వరప్రసాదమనియే చెప్పుదురు. చూపునకు నట్లే యుండును. శతావధానమున నూర్గురు పృచ్ఛకులు. ఒక్కొక్కనికి మొదటి యావృత్తిలో నొక్కొక్క పాదము. రెండవ యావృత్తిలో రెండవ పాదము. నాలుగావృత్తులు ముగిసిన పిదప నన్ని పద్యములను వరుసగా నొప్పగింపవలెను. అష్టావధానమున సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మొదలగునవి యొక ప్రక్క, గంటల లెక్కయు నప్రస్తుతప్రసంగమును మఱియొక ప్రక్క. ఆలోచించుటకే యెడములేనిచోట నభ్యాసమున కెడ మెక్కడిది?

సభలో లేదు, సభకు ముందుఁ గలదు. ఇచ్చట నిషిద్ధాక్షరిని గొంత నిదానించి చూడవలెను. అవధాని యొక యక్షరము పలుకఁగానే, తరువాతి యక్షర మేది రాఁగలదో యూహించి పృచ్ఛకుఁడు దానిని నిషేధించును. అవధాని వేఱొక యక్షరమును వేయవలెను. దానిపైని మరల నిషేధము. కంఠస్థములైన పదబంధము లిచ్చటఁ జెల్లవు. ఎంత చక్కగ నమరిన పదబంధమో యంత వేగముగఁ బృచ్ఛకునకుఁ దెలిసిపోవును. అవధానికిఁ గావలసినది యొక త్రోవ మూసికొనఁగానే వేఱొక త్రోవ తెఱచుకొనుట. ఒకే భావమునకుఁ బది మాటలు, ఒకే మాటకుఁ బది ముగింపులు నాలుక కొనను సిద్ధముగ నుండవలెను. అభ్యాసమనఁగాఁ గొన్ని పలుకుబళ్ళను గూడఁబెట్టుకొనుట యని యనుకొనువారికి నిషిద్ధాక్షరి గుణపాఠము. అభ్యాసమువలనఁ గూడునది నిలువ సరకు గాదు, విడిచిపెట్టఁగల స్వేచ్ఛ. చేతిలో నొక్కటే మాట గలవాఁడు దానిని విడువఁజాలఁడు.

వామనుఁడు ప్రకీర్ణమను మూఁడవ కావ్యాంగమున లక్ష్యజ్ఞత్వము, అభియోగము, వృద్ధసేవ, అవేక్షణము, ప్రతిభానము, అవధానము నను నాఱింటిని లెక్కించెను. ప్రతిభ యిందుఁ జిల్లరవానిలో నొకటిగఁ జేరుట చదువరికి వింతగా నుండవచ్చును. అయితే కవిత్వమునకది బీజమని వామనుఁడే చెప్పినాఁడు. అవధానమనఁగాఁ జిత్తైకాగ్ర్యమనియు, దానికి నిర్జనదేశమును, రాత్రి నాలుగవ యామమును దగినవనియు నతని మతము. తెలుఁగువా రా శబ్దమునే గైకొని, నిర్జనదేశమునకు బదులు నిండుసభను, నాలుగవ యామమునకు బదులు గంట మ్రోఁతను బెట్టినారు! వామనునకుఁ బరిస్థితులు సమకూర్చి యిచ్చిన యేకాగ్రతను, తెలుఁగు టవధాని పరిస్థితుల కెదురుగ సంపాదింపవలెను. ఇది పుట్టుకతో రాఁదగిన గుణమని చెప్పుట కష్టము.

తిరుపతి వేంకటకవు లిరువురును జర్ల బ్రహ్మయ్యశాస్త్రి యొద్ద వ్యాకరణము చదివినవారు. శబ్దము నెట్లు విఱిచినను సాధువుగ నిలుపఁగల నేర్పు వారికచ్చటఁ బట్టువడినది. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో గతించెను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950 వఱకు జీవించి, బందరులోని యున్నతపాఠశాలలోఁ దెలుఁగు పండితుఁడై బాలురకుఁ బాఠములు చెప్పెను. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు మున్నగువా రాయన శిష్యులు. ఒక్క గురువు నాశ్రయించినవారిలో నిందఱు కవులు తేలుట, ప్రతిభావంతులు బందరుననే పుట్టుటకుఁ గుదుర్చుకొనిరని చెప్పినఁగాని, పుట్టుక వాదమునకుఁ గుదురదు. వామనుఁడు చెప్పిన వృద్ధసేవ యనునది దీనికి సరియైన పేరు.

ఈ వివాదము భారతీయులకే పరిమితము గాదు. లాటిను కవి హొరేసు, కావ్యము ప్రకృతివలననా శిక్షవలననా యను ప్రశ్నను దడవి, యొకటి లేక యింకొకటి పనికిరాదని చెప్పినాఁడు. మమ్మటుని యేకవచనమే వేఱొక భాషలో. ఇటీవలి మనశ్శాస్త్రజ్ఞులు లెక్కలకుఁ బూనుకొనిరి. 1993లో ఎరిక్‌సన్ మొదలగువారు బెర్లినులోని వయొలిను విద్యార్థులను బరీక్షించి, మేటివారు 20 యేండ్లు వచ్చునప్పటికి సగటున 10,000 గంటలకుఁ బైగాఁ దమంత సాధన చేసియుండిరని ప్రకటించిరి. లోకము దీనిని బట్టుకొని, గంటలు నిండిన నెవఁడైనను మేటి కాఁగలఁడని చాటింపు వేసినది, ప్రకటించినవా రట్లనలేదు. 2014లో మక్‌నమారా మొదలగువారు పెక్కు పరిశోధనలను గూర్చి చూచి, సంగీతమున వ్యక్తుల నడుమ భేదమునకు సాధన కారణమైన పాలు నూటికి 21 మాత్రమని తేల్చిరి. తక్కినది యంతయుఁ బుట్టుకయే యని దీని కర్థము గాదు. గురువెవఁడు, ఆరంభ మెప్పుడు, ఇంట వినికిడి యెట్టిది యనునవి యా మిగిలినపాలునఁ గలవు. గోనవారి బిడ్డలకు ముందు దొరకిన దదియే గదా.

బిజినేపల్లికి చేరువనే పాలెమునఁ బ్రాచ్యకళాశాల వెలసినది. నాగరుకర్నూలు సీమవాఁడగు కపిలవాయి లింగమూర్తి (1928–2018) యచ్చట నధ్యాపకుఁడై యుండెను. పద్యకావ్యములతోపాటు స్థలచరిత్రలు, మాండలికపదముల సేకరణము మున్నగునవి యాయన యొక్క చేతిమీఁదుగ వెలువడినవి. పాలమూరి పల్లెల నోటి మాటను గాలినడకన వెదకి కూర్చినవానికి వామనుని లోకమను నంగము పాఠముగాఁ జెప్ప నక్కఱలేదు.

క్షేమేంద్రుని మూఁడు తెగల శిష్యులు, స్వల్పప్రయత్నసాధ్యుఁడు, కష్టసాధ్యుఁడు, అసాధ్యుఁడు. రెండవవానికై యతఁడు విధించిన సాధన లెస్సగ గమనింపఁదగినది. మొదట నర్థముతోఁ బని లేదు; అన్వయార్థము లేని పదములనే పేర్చి వృత్తమును నింపుమనినాఁడు. నడక చెవిని బట్టినపిదప నర్థమును దెమ్మనుట. నేఁటి పాఠశాలలో దీనికి విపర్యయముగా, బాలునిచే నొక్క పద్యమైనఁ గట్టింపకయే గణవిభజనము చేయించి, యతిప్రాసలు గుర్తింపించి మార్కులు వేయుచున్నారు. ఇది వంట చూపక వంటకములఁ బేళ్ళు వల్లెవేయించుట. ఇట్టి పరీక్షలోఁ దప్పినవానికిఁ బ్రతిభ లేదని యెట్లు తెలిసినదో తీర్పరులే చెప్పవలెను. క్షేమేంద్రుని రెండవ తెగకును మూఁడవ తెగకును భేదము సాధన చేయించినఁగాని బయలుపడునది గాదు. పట్టణపు బాలునకు వేఱొక త్రోవ దొరకవచ్చును. ఇంట నక్షరము లేని పల్లెబాలునకుఁ బంతులుగారి తీర్పే కడపటిది.

ద్విపద యీ పనికి మిగులఁ దగినది. ఒక పాదమిచ్చి మూఁడవ గణమును విడిచి, యతి కుదురునట్లు నింపుమనవచ్చును. మొదటి పాదమిచ్చి ప్రాసతో రెండవదానిని గట్టుమనవచ్చును. అర్థము పిచ్చిగ నున్నను మొదటి మాసమునఁ దప్పుపట్ట నక్కఱలేదు. రెండవ మాసమునుండి యవేక్షణము, అనఁగా నొక పదమును దీసి వేఱొకదానిని బెట్టి చూచుట, కాలహరణము గాదని బాలునకుఁ దెలియఁజేయవలెను. రాజశేఖరుఁడు కవి దినచర్యలో నాలుగవ జామును దీనికే యిచ్చినాఁడు; రసావేశమున నల్లుచున్నపుడు దోషము కనఁబడదు గావున, ఉదయమున నల్లినదానిని సాయంకాలమునఁ బరీక్షించుకొమ్మని యతని విధి. దినమునకుఁ బది ద్విపదల చొప్పునఁ గట్టినచో మూఁడేండ్లు నిండకముందే పదివేలగును. గోన బుద్ధారెడ్డి తీఱికను గుఱించిన సందేహమునకును నిదే లెక్క సరిపడును. దినమునకుఁ బది చొప్పున 17 వేల ద్విపదలకు నాలుగేండ్ల యెనిమిది మాసములు పట్టును.